పెరటి కోడికి కాళ్ళు పడిపోతే

కోడి లేవలేకపోతున్నదని గమనించిన వెంటనే, కారణం తేలేవరకు ఆగకుండా, దానిని మంద నుండి వేరుచేసి, గాలి, నీడ ఉన్న చోట ఎండుగడ్డి పరచి పడుకోబెట్టాలి. తరువాత కాళ్ళను నిదానంగా పరిశీలించండి. ఒక కాలు ముందుకు, మరొకటి వెనుకకు చాచి ఉంటే మారెక్స్ వ్యాధిని అనుమానించాలి. హెర్పిస్ జాతి వైరస్ వల్ల వచ్చే ఈ వ్యాధి ఈకల పొట్టు కలిసిన ధూళి ద్వారా వ్యాపిస్తుంది. దీనికి మందు లేదు, పిల్ల గుడ్డు నుండి బయటికి వచ్చిన 1వ రోజున వేయించే టీకాయే ప్రధాన రక్షణ. మెడ మెలితిరగడం, ఆకుపచ్చని విరేచనాలు, ఆయాసం కూడా ఉంటే కొక్కెర వ్యాధి (రాణిఖేత్ అనే అంటువ్యాధి) కావచ్చు కనుక పశువైద్యునికి ఆ పూటే తెలియజేయాలి. చిన్న కోడిపిల్లల కాలివేళ్ళు లోపలికి ముడుచుకుంటే మాత్రం బి2 విటమిన్ లోపం కావచ్చు; తొలిదశలో గుర్తిస్తే నయమవుతుంది.

కదలలేని కోడికి రోగం కంటే ముందు దాహమే ప్రాణం మీదికి తెస్తుంది. లోతు తక్కువ గిన్నెలో నీళ్ళు ముక్కుకు అందేలా పెట్టి, తరచుగా పక్క మార్చి, రెట్ట అంటిన ఈకలను తడిగుడ్డతో తుడవాలి. ఆరోగ్యంగా ఉన్న కోళ్ళ పని ముగించాకే జబ్బుకోడి దగ్గరకు వెళ్ళి, వచ్చాక చేతులు, చెప్పులు కడుక్కోవాలి. కొత్తగా తెచ్చిన కోళ్ళను 30 రోజులు వేరుగా ఉంచాలి. ఒకేసారి అనేక కోళ్ళు చనిపోతే వాటిని ఒట్టి చేతులతో తాకవద్దు, కోసి తినవద్దు, అమ్మవద్దు. ముందుగా పశువైద్యశాలకు తెలపండి.