కొమ్మలు ఈడ్చే పని సగానికి తగ్గాలంటే

చెట్టు కొట్టడం కంటే కింద పడ్డ కొమ్మలు బండి దాకా చేర్చడానికే ఎక్కువ టైమ్ పోతుంది, హెల్పర్ ఒక్కొక్కటీ ఈడ్చుకెళ్తుంటే కూలీ అంతా అందులోనే అయిపోతుంది.

చెట్టెక్కడానికి ఇక పనికిరాదని పక్కన పెట్టిన పాత తాడు 6 మీటర్లు కోసి, రెండు కొసలకీ ఎర్ర పెయింట్ పూయండి (మంచి తాళ్లలో కలిస్తే ప్రమాదం). దాన్ని రెండుగా మడిచి నేల మీద అడ్డంగా పరిచి, మొదళ్లన్నీ బండి వైపే ఉండేలా కొమ్మలు పేర్చమని హెల్పర్‌కి చెప్పండి. తాడు మొదళ్లకి రెండడుగుల వెనక ఉండాలి. మోకాలెత్తు కాగానే రెండు కొసల్నీ మడతలోంచి దూర్చి లాగితే మోపు దానంతటదే బిగుస్తుంది. మొదళ్లు ముందుండటంతో రెమ్మలు వెనక్కి ముడుచుకుని దేనికీ చిక్కుకోవు. బండి దగ్గర తాడు వదిలేస్తే చాలు, విడిపోతుంది.

ముళ్ల చెట్లకీ, అడ్డదిడ్డంగా పంగలున్న లావు కొమ్మలకీ ఇది కుదరదు, మోపు బిగుసుకోదు, మధ్యలోనే జారిపోతుంది. వాటిని చిన్న ముక్కలు చేసి మోయడమే. ఇంకోటి, పైన రంపం ఆగి, మీరు సరే అన్నాకే హెల్పర్ చెట్టు కిందికి రావాలి.