కారంపూడి రణక్షేత్రం, నాగార్జునకొండ కోట: ఒక్క రోజులో ఎలా చూడాలి

ఈ రెండింటినీ ఒకే రోజు కలపాలంటే ముందు శుక్రవారాన్ని పక్కన పెట్టండి. ఆ రోజు నాగార్జునకొండ మ్యూజియానికి సెలవు. కొండకు తీసుకెళ్లే లాంచీ విషయం ముందు రోజే కనుక్కోవాలి: గాలి ఎక్కువైతే ఆపేస్తారు, జనం చాలకపోతే ఆలస్యం చేస్తారు.

తెల్లవారేసరికి కారంపూడిలో ఉండండి. మాచర్ల రైలెక్కితే గురజాలలో దిగి బస్సు పట్టుకోవచ్చు కానీ, మధ్యాహ్నానికి లాంచీ అందాలంటే సొంత బండి గానీ కిరాయి కారు గానీ ఉండాల్సిందే.

కారంపూడిలో కంచె వేసి బోర్డు పెట్టిన యుద్ధభూమి ఏదీ కనిపించదు. చాలామంది ఇక్కడే నిరాశపడి వెనక్కి తిరుగుతారు. 12వ శతాబ్దం చివర పల్నాటి యుద్ధంలో నలగామరాజు, మలిదేవరాజుల సేనలు తలపడిన చోటును ఇప్పుడు నాగులేటి గట్టు, వీరుల గుడి, ఊరు కలిపి చదువుకోవాలి. వీరుల గుడితో మొదలుపెట్టండి. లోపల 66 మంది వీరనాయకుల పేరిట నిలిపిన రాళ్లుంటాయి. ఇవి విగ్రహాలు కావు, పూజలందుకునే శిలలు. చెప్పులు విడిచి లోపలికి వెళ్లాలి, ఫోటోకు ముందు అడగాలి. తర్వాత అంకమ్మ గుడి, ఆపైన ఏటి గట్టు. నాగులేరు వానమీద ఆధారపడ్డ వాగు, ఎండాకాలంలో రాళ్లే మిగులుతాయి. ఏరు ఏరులా కనిపించాలంటే వానాకాలం ఆఖరున రావాలి.

కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు ఇక్కడ తిరునాళ్లు, రోజుకో పేరు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. కొణతాలు అని పిలిచే వీరుల ఆయుధాలను బయటికి తెచ్చేది అప్పుడే. మందపోరు నాడు, మలిదేవుడి పక్షాన నిలిచిన మంత్రి బ్రహ్మనాయుడి చాపకూడు సంప్రదాయాన్ని పాటిస్తారు. అన్ని కులాల వాళ్లూ ఒకే చాప మీద కూర్చుని తినే భోజనమది. ఒక్క రోజే వీలైతే ఆ రోజుకే రండి. అయితే తిరునాళ్ల రోజున నాగార్జునకొండ కూడా చూద్దామనుకోవద్దు, ఆ జనంలో బండి కదలదు.

మామూలు రోజుల్లో రెండు గంటల్లో కారంపూడి ముగించి మాచర్ల వెళ్లండి, సుమారు 30 కిలోమీటర్లు. అక్కడ చెన్నకేశవస్వామి గుడి చూసి టిఫిన్ చేసి, మరో పాతిక కిలోమీటర్లు వెళితే విజయపురి సౌత్ లాంచీ స్టేషన్ వస్తుంది. వేసవిలో ఈ ప్రయాణం పెట్టుకోకండి. పల్నాటి ఎండ సంగతి రెంటచింతల పేరు విన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

లాంచీలో ముప్పావు గంట నుంచి గంట. నాగార్జునకొండ ఒకప్పుడు కృష్ణా లోయలో నిలబడ్డ కొండ. నాగార్జునసాగర్ ఆనకట్ట నీళ్లు లోయను ముంచాక పైభాగం ద్వీపంగా మిగిలింది. దిగగానే పొరపాటు జరిగేది ఇక్కడే: అందరూ నేరుగా మ్యూజియంలోకి వెళ్లి, ఉన్న సమయమంతా అందులోనే గడిపేస్తారు. తిరుగు లాంచీ టైము దిగేటప్పుడే సరంగును అడిగి, ఉన్న సమయంలో మూడో వంతు కోట గోడలకు తీసిపెట్టండి. గోడ వెంట నడుస్తుంటే ఒక పక్క రాతి కట్టడం, మరో పక్క జలాశయం. శత్రువు ఎటునుంచి రావాలో అప్పుడు అర్థమవుతుంది.

ముంపు నుంచి తెచ్చి కొండపై మళ్లీ కట్టిన పాత కట్టడాల్లో మహాచైత్యం అనే పెద్ద బౌద్ధ స్తూపం దగ్గర కాసేపు ఆగండి. ఇటుక గోడలు బండిచక్రం ఆకుల్లా మధ్య నుంచి చుట్టూ విచ్చుకుంటాయి. పక్కన నిలబడి చూస్తే గోడలే, కాస్త ఎత్తుమీంచి చూస్తే చక్రం. ఆ తర్వాతే మ్యూజియం. పల్నాటి సున్నపురాయి మీది శిల్పాలను తలుపు పక్క నుంచి పడే వెలుతురులో చూస్తే గీతలు బాగా తెలుస్తాయి.

తాగునీళ్లు మనిషికి రెండు లీటర్లు, టోపీ, జారని చెప్పులు వెంట ఉండాలి. తిరుగులో వెలుతురుంటే అనుపు దగ్గర ఆగి, ముంపు నుంచి అక్కడికి తరలించిన పురాతన రంగస్థలం మెట్ల మీద కూర్చుని చూడండి.