మక్కచేన్ల సైరన్‌కు ఏ వైర్‌లెస్ మంచిది?

మా పరకాల దిక్కు మక్కచేనుకు కోతుల బెడద ఎంతుంటదో తెలుసు గదా. ఇంట్ల కూసోని చేన్ల సైరన్ మోగిద్దామని ముందుగాల బ్లూటూత్ మాడ్యూల్ పెట్టిన. 10 మీటర్లు దాటంగనే తెగిపాయె. గట్టు దాకా పోయి ఫోన్ నొక్కుడైతే, నోటితోనే అదిలించొచ్చు!

చేను వంద మీటర్ల లోపుండి, నడుమ గోడలు లేకుంటే రెండు ఈఎస్‌పీ32 బోర్డులతోని (వైఫై ఉన్న చిన్న సర్క్యూట్ బోర్డులు) ఈఎస్‌పీ-నౌ వాడుండ్రి, అంటే బోర్డు నుంచి బోర్డుకే సీదా సిగ్నల్ పంపే పద్ధతి. రౌటర్ వద్దు, సిమ్ వద్దు. కిలోమీటర్ దూరమంటే లోరానే, అంటే తక్కువ కరెంట్‌తోని దూరం పోయే రేడియో మాడ్యూల్. 915 మెగాహెర్ట్జ్‌ది అంటగడుతరు, తీసుకోకుండ్రి. మన దేశంల లైసెన్స్ లేకుండ నడిచేది 865–868. యాంటెనా రాకపోతే 8.6 సెంటీమీటర్ల రాగితీగ నిలువుగ సోల్డర్ చేస్తే నడుస్తది. అది పెట్టకముందే కరెంట్ ఇచ్చి సిగ్నల్ పంపిస్తే మాత్రం చిప్ కాలొచ్చు.