మూకీ సినిమాని గుడి ముందు వెయ్యాలంటే

ఇంగ్లీషు నాటకకర్త నోయెల్ కవర్డ్ నాటకం ఆధారంగా దర్శకుడు హిచ్‌కాక్ 1927లో తీసిన ‘ఈజీ వర్చ్యూ’ లాంటి బ్రిటిష్ మూకీని కోనసీమలో రామాలయం ముందు వేస్తే, సగం పని మనదే. తెర, కార్డులు (బొమ్మ మధ్యలో మాటలు రాసి చూపించే పలకలు) చదివే వ్యాఖ్యాత, హార్మోనియం ముందే సిద్ధం చేసుకోవాలి.

బొమ్మ కొలత 4:3. తెర 12 అడుగుల వెడల్పైతే ఎత్తు 9. ప్రొజెక్టర్‌లో 16:9కి సాగదీస్తే అందరూ పొట్టిగా, లావుగా కనిపిస్తారు. కాలవ గట్టు మీంచి గాలి కొడితే తెర పడవ చాపలా ఉబ్బుతుంది. పైన బిగించి కింద వదిలెయ్యడమే మామూలుగా జరిగే తప్పు. అడుగంచులో వెదురుబొంగు దూర్చి, రెండు కొసలూ మేకులకి కట్టండి.

మనుషులు పరిగెడుతున్నట్టు నడుస్తున్నారా? సెకనుకి 20 ఫ్రేముల (విడి ఫొటోల) లెక్కన ఆడాల్సిన బొమ్మ 24 మీద ఆడుతోందన్నమాట. ప్లేయర్‌లో వేగం 0.83కి తగ్గించండి.

కార్డుల్ని ముందే తెలుగులో రాసుకోండి. పది మాటలుంటే ఏడింటికి కుదించాలి, లేకపోతే చదువుతుండగానే కార్డు పోతుంది. పద్యనాటకాలు ఆడినవాళ్లు రాగం తీస్తారు, అస్సలు వద్దు.

‘ఈజీ వర్చ్యూ’లో పెళ్లి మాట టెలిఫోన్‌లో తేలుతుంది. మాట్లాడుకునే ఇద్దరూ కనపడరు. దొంగచాటుగా వింటున్న, ఫోన్లు కలిపే ఆపరేటర్ పిల్ల మొహమే కనపడుతుంది. అక్కడ వ్యాఖ్యాత నోరు మెదపకూడదు, హార్మోనియం ఒక్క శ్రుతి మీద నిలవాలి. ఆ మొహం చూస్తే చాలు, జనానికి అర్థమైపోతుంది.

చలికాలమైతే ప్రొజెక్టర్‌ని పావుగంట ముందే వెలిగించండి. లెన్స్ మీద మంచు చెమ్మ పడితే పంచె కొంగుతో తుడవకండి, గీతలు పడతాయి.