ఆపద పాఠాలు – 3: మొగులైనప్పుడు చెల్కలో ఉంటే

పోయిన పాఠంలో కాల్వలో కొట్టుకుపోతున్న మనిషిని మనం నీళ్లలోకి దిగకుండా గట్టుకు చేర్చడం నేర్చుకున్నాం. ఖాళీ నీళ్ల డబ్బాకు తాడు కట్టి విసరడం సాధన చేయమని చెప్పాను. డబ్బా దగ్గర్లోనే పడిపోతుంటే దాంట్లో రెండు గ్లాసుల నీళ్లు పోసి మూత బిగించి చూడండి. గాలికి పక్కకు పోకుండా దూరం వెళ్తుంది. మనిషిని దాటి అవతల పడేలా విసిరి మెల్లగా లాగితే తాడు అతని చేతికి అందుతుంది. తాడు రెండో కొసను కాలి కింద తొక్కిపెట్టడం మాత్రం మరవకండి.

ఈ పాఠం పిడుగు గురించి. ఇందులో నేర్చుకోవాల్సిన పనులు రెండు. మొదటిది, పిడుగు పడకముందే చెల్క వదిలి రావడం. రెండోది, పిడుగుపాటుకు పడిపోయిన మనిషిని బతికించే ప్రయత్నం. రెండో పని చదివితే రాదు, చేతులకు అలవాటు కావాలి.

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో మనవాళ్ల బతుకంతా ఆరుబయటే. మే నెలలో పొద్దంతా ఎండ మాడ్చి సాయంత్రానికి ఒక్కసారిగా మొగులవుతుంది. అప్పుడు గొర్లకాపరి గుట్ట మీద ఉంటాడు, గీత కార్మికుడు తాటిచెట్టు మీద ఉంటాడు. జూన్‌లో విత్తనాలు పెట్టేవాళ్లు, సెప్టెంబర్‌లో కలుపు తీసేవాళ్లు, అక్టోబర్‌లో పత్తి ఏరేవాళ్లు, అందరూ చెల్కల్లోనే. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో దేశం మొత్తం మీద పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు. ఆ ఏడాది ప్రకృతి వైపరీత్యాల్లో పోయిన ప్రాణాల్లో ఇది మూడో వంతు కంటే ఎక్కువ. వరదంటే ఊరంతా కదులుతుంది. పిడుగు ఒకరినో ఇద్దరినో తీసుకుపోతుంది కాబట్టి దాని గురించి ఊరు కలిసి కూర్చుని మాట్లాడుకోదు. మాట్లాడుకోవాలనే ఈ పాఠం.

వాన రాగానే మనం చేసే మొదటి పని చెట్టు కిందికి పరుగెత్తడం. చేన్లలో పిడుగుకు ఎక్కువ ప్రాణాలు పోయేది అక్కడే. పిడుగు ఎత్తుగా ఉన్నదాని మీద పడుతుంది. చెల్క మధ్యలో ఒంటరిగా నిలిచిన యాపచెట్టో తాటిచెట్టో ఆ చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తు. చెట్టు మీద పడ్డ కరెంటు అంతా కాండం గుండానే దిగిపోదు. పక్కన నిలబడ్డ మనిషి మీదికి కొంత దూకుతుంది. మిగతాది నేలలోకి దిగి నలువైపులా పాకుతుంది. చెట్టు కింద ఉన్న గొర్లు, బర్లు ఒకేసారి కుప్పకూలేది అందుకే. వాటి ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ. కరెంటు ఒక జత కాళ్లలో ఎక్కి ఇంకో జతలో దిగుతుంది, మధ్యలో గుండె ఉంటుంది. మనిషి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడినా ఇదే ప్రమాదం, కాకపోతే కొంత తక్కువ. ముళ్లకంచె తీగ మీద ఎక్కడో పడిన పిడుగు కూడా తీగ వెంట చాలా దూరం వస్తుంది. చెట్టు కింద లేకపోయినా కంచెను ఆనుకుని నిలబడితే దెబ్బ తగలొచ్చు.

కాబట్టి కదలాల్సింది వాన మొదలయ్యాక కాదు, మొదటి ఉరుము వినగానే. చినుకు పడేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైనట్టు.

ఇప్పుడు లెక్క నేర్చుకుందాం. మెరుపు వెంటనే కనిపిస్తుంది. ఉరుము శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతో వస్తుంది, అంటే కిలోమీటరుకు దాదాపు 3 సెకన్లు. మెరుపు చూడగానే "ఒకటి పాలమూరు, రెండు పాలమూరు, మూడు పాలమూరు" అని మామూలు వేగంతో లెక్కపెట్టండి. ఒక్కోదానికి సుమారు ఒక సెకను పడుతుంది. ముందుగా ఇంట్లో గడియారం పెట్టుకుని సరిచూసుకోండి, గబగబా మాట్లాడేవాళ్లు కొంచెం నిదానించాలి. ఉరుము 30 దగ్గర వినిపిస్తే పిడుగు 10 కిలోమీటర్ల దూరంలో పడినట్టు. 15 దగ్గర వినిపిస్తే 5 కిలోమీటర్లు.

ఇక్కడ పిల్లలు ఒక పొరపాటు పడే వీలుంది. "ఇరవై ఐదు వచ్చింది, ఇంకా దూరమే" అని ఆటలో ఉండిపోవడానికి కాదు ఈ లెక్క. పిడుగు మబ్బు నుంచి పది కిలోమీటర్ల అవతల, ఎండ కాస్తున్న చోట కూడా పడగలదు. ఉరుము చెవిన పడిందంటేనే మనం దానికి అందే దూరంలో ఉన్నట్టు. లెక్క దేనికంటే, మబ్బు మన వైపు వస్తోందో పోతోందో తెలియడానికి, మన దగ్గర ఎంత సమయం ఉందో అంచనా వేయడానికి. మబ్బు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో కదిలితే 10 కిలోమీటర్ల దూరాన్ని 15 నిమిషాల్లో దాటేస్తుంది. మీ చెల్క నుంచి దగ్గరి స్లాబు ఇంటికి నడక 25 నిమిషాలైతే మొదటి ఉరుము కూడా ఆలస్యమే. నల్లటి మబ్బు గుట్టలా పైకి లేస్తున్నప్పుడే బయల్దేరాలి. అలాంటి చెల్కల వాళ్లు పొద్దునే వాతావరణ శాఖ హెచ్చరిక చూసుకుని పనికి పోవడం మంచిది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ చేసిన 'దామిని' యాప్ మన చుట్టూ 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగులు పడుతుంటే చెబుతుంది. చేనుకు పోయే బృందంలో ఒక్కరి ఫోన్‌లో ఉన్నా చాలు. వానలో మొబైల్ మాట్లాడితే పిడుగు దానికోసం వస్తుందన్నది నిజం కాదు. చార్జింగ్ తీగ తగిలించి ఉన్న ఫోన్ పట్టుకోవడమే ప్రమాదం.

తిరిగి పనిలోకి ఎప్పుడు పోవచ్చు? చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి. మధ్యలో ఇంకో ఉరుము వినిపిస్తే లెక్క మళ్లీ మొదటి నుంచి.

ఎక్కడికి పోవాలి? నాలుగు గోడలు, స్లాబు, కరెంటు వైరింగ్ ఉన్న కట్టడంలోకి. బడి, పంచాయతీ ఆఫీసు, రైతు వేదిక, ఎవరిదైనా పక్కా ఇల్లు. అరుగు మీద కాదు, లోపల. నల్లా కింద స్నానం చేయొద్దు, టీవీ, ఫ్రిజ్ ముట్టుకోవద్దు, మోటారు స్టార్టర్ జోలికి అసలే పోవద్దు. అద్దాలు మూసిన కారు, ఆర్టీసీ బస్సు కూడా మంచివే. గుడిసె, మంచె, పశువుల కొట్టం, పక్కలు తెరిచి ఉన్న రేకుల షెడ్డు, బస్టాపు, ఆటో, ట్రాక్టర్ వానను ఆపుతాయి గానీ పిడుగును ఆపవు. కాళ్లకున్న రబ్బరు చెప్పులు కూడా ఏమీ కాపాడవు.

గీత కార్మికులకు ఒక మాట. తాటిచెట్టు దిగడానికి సమయం పడుతుంది, మోకు తడిస్తే ఇంకా ఎక్కువ. మొగులు పట్టిన సాయంత్రం చెట్టు ఎక్కకపోవడమే సరైన పని.

దగ్గర్లో ఏ కట్టడమూ లేకపోతే? గుట్ట కొస, ఒంటరి చెట్టు, కరెంటు స్తంభం, కంచె తీగ, బోరు, చెరువు, నీళ్లు నిలిచిన వరి మడి, వీటికి దూరంగా జరగండి. పల్లపు చోటు చూసుకోండి, కానీ వాగులోకి దిగొద్దు, పైన పడిన వాన క్షణాల్లో వస్తుంది. ఒకరికొకరు కనీసం 15 మీటర్ల దూరంలో ఉండండి. గుంపుగా ఉంటే ఒక్క పిడుగుకే అందరూ పడిపోతారు. విడిగా ఉంటే పడిపోయిన వాళ్లను చూసుకోవడానికి ఎవరైనా మిగులుతారు. మడమలు రెండూ కలిపి, చెవులు మూసుకుని, తల వంచి గొంతుక్కూర్చోండి. నేల మీద పడుకోవద్దు. ఇలా కూర్చుంటే ప్రమాదం కొంచెం తగ్గుతుంది, అంతే. పక్కా ఇల్లు కనబడుతుంటే కూర్చోకండి, నడవండి.

ఇదంతా పిల్లలు ఒక్క రోజులో నేర్చుకుంటారు. కష్టమంతా పెద్దవాళ్లను కదిలించడంలో ఉంది. "ఏండ్ల సంది ఈ చెట్టు కిందనే నిలబడ్డం, ఏమైంది?" అని తాత అంటాడు. ఆయనతో వాదన పెట్టుకోవద్దు. "తాతా, నువ్వు తడుస్తవని గాదు, చెట్టు మీద పిడుగు పడితే నీకు తగుల్తదని నా భయం. రా, రైతు వేదిక కాడికి పోదాం, నీ గొంగడి నేను పట్టుకుంట" అనండి. చెయ్యి పట్టుకుని అడిగే మనవరాలి మాట తీసేసే తాతలు తక్కువ.

కూలీల సంగతి వేరు. పత్తి ఏరే ఆడవాళ్లకు కిలో లెక్కన కూలి. ఉరుముకు లేచిపోతే ఆ పూట డబ్బులు తగ్గుతాయి. ఆ భయం న్యాయమైనదే, దాన్ని పట్టించుకోకుండా "జాగ్రత్తగా ఉండండమ్మా" అని చెప్పి వచ్చేయడం వల్ల ఏ ఉపయోగమూ లేదు. అందుకే సీజన్ మొదలయ్యే ముందే మహిళా సంఘం మీటింగులో రైతులతో మాట అనుకోవాలి. ఉరుము వినగానే అందరూ లేస్తారు, అప్పటిదాకా ఏరింది జోకి రాసుకోవాలి, వాన పోయాక మిగతా పని. నా దృష్టిలో ఈ పాఠంలో అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు కాపాడేది ఈ ఒప్పందమే.

ఇక రెండో పని. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని చాలామంది దగ్గరికి పోరు. అది తప్పు. అతని ఒంట్లో కరెంటు ఏమీ మిగిలి ఉండదు, వెంటనే ముట్టుకోవచ్చు. కొన్ని చోట్ల పేడలో కప్పితే బతుకుతారని నమ్ముతారు. ఆ పనిలో పోయే ప్రతి నిమిషం ప్రాణం తీస్తుంది.

నలుగురు పడిపోతే ముందు ఎవరి దగ్గరికి పోవాలి? మూలుగుతున్న వాళ్ల దగ్గరికి కాదు, చలనం లేకుండా ఉన్న వాళ్ల దగ్గరికి. మూలుగుతున్నారంటే ఊపిరి ఆడుతోంది. పిడుగు దెబ్బకు గుండె ఒక్కసారిగా ఆగుతుంది. చాలాసార్లు అది తనంతట తాను మళ్లీ మొదలవుతుంది, కానీ ఊపిరి తీయించే మెదడు భాగం మొద్దుబారి ఉంటుంది. ఆ కాసేపు మనం ఊపిరి అందిస్తే మనిషి నిలబడే అవకాశం ఉంది. అది అందకపోతే గుండె మళ్లీ ఆగిపోతుంది.

ఉరుములు ఇంకా నెత్తిమీదే ఉంటే, అవకాశం ఉన్నంతలో మనిషిని చెట్టు దగ్గర్నుంచి పక్కకు జరపండి. భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పది సెకన్లకు మించకుండా ఛాతీ లేస్తోందా చూడండి. ఎప్పుడో ఒకసారి గురక పెట్టినట్టు ఎగశ్వాస తీస్తుంటే అది ఊపిరి కాదు. ఒకరు 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాలి. ఊరు, మండలం, ఏ రోడ్డు నుంచి ఏ బాట లోపలికి రావాలో చెప్పాలి. ఇంకొకరు ఆ మలుపు దగ్గర నిలబడాలి, లేకపోతే అంబులెన్స్ చెల్కల మధ్య తిరుగుతూనే ఉంటుంది.

మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఛాతీ మధ్యలో ఎముక మీద అరచేతి మడమ ఆనించి, రెండో చెయ్యి దానిపై వేసి, మోచేతులు వంచకుండా నిటారుగా నొక్కండి. లోతు 5 సెంటీమీటర్లు, 6 దాటొద్దు. వేగం నిమిషానికి 100 నుంచి 120. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వండి. 30 సార్లు నొక్కాక తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటితో రెండుసార్లు ఊపిరి ఊదండి. ఛాతీ లేస్తే చాలు. మళ్లీ 30. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి, అలసిన చేతులు లోతుగా నొక్కలేవు. అతను ఊపిరి తీసుకునేదాకా, లేదా అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. లేచి మాట్లాడినా ఆస్పత్రికి పంపాల్సిందే. కాళ్లు చల్లబడి కదలకపోవడం, చెవులు వినపడకపోవడం పిడుగు దెబ్బకు మామూలే. కాళ్లు చాలావరకు కొన్ని గంటల్లో కుదుటపడతాయి, అయినా డాక్టరు చూడాలి.

సాధన బతికున్న మనిషి మీద ఎప్పుడూ చేయొద్దు. గోనెసంచిలో పత్తి గట్టిగా కుక్కి నేల మీద పెట్టుకోండి. ఇద్దరు జతగా రెండేసి నిమిషాలు, చేతులు మారుస్తూ చేయండి. మొదటి నిమిషంలోనే చేతులు నొప్పెడతాయి, ఇద్దరు ఎందుకు కావాలో అప్పుడు అర్థమవుతుంది.

ఇంటిపని: మీ ఇంటి చెల్క నుంచి దగ్గరి పక్కా కట్టడానికి నడవండి, ఎన్ని నిమిషాలో రాసుకోండి. చీకట్లో, వానలో తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా అడిగి తెలుసుకోండి. తాళం వేసిన రైతు వేదిక వల్ల ఉపయోగం లేదు. మీ వీధిలో అందరి నిమిషాలూ కలిపి ఊరి పటం మీద గుర్తుపెట్టి బడి గోడకు అతికించండి. పదిహేను నిమిషాలు దాటిన చెల్కలకు ఎర్ర రంగు వేయండి, వచ్చే పాఠానికి ఆ పటమే కావాలి. వడదెబ్బకు నీళ్లు, నీడ ఎక్కడెక్కడ లేవో దాని మీదే వెతుకుదాం.