ఇయర్‌బడ్స్ కొనేముందు చెవికి పని చెప్పండి

డబ్బా మీది అంకెల్ని నేను పెద్దగా పట్టించుకోను. 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ అన్నది మనిషి చెవి వినగలిగే పరిధి. నాసిరకం బడ్స్ మీద కూడా అదే రాసి ఉంటుంది. లోపల శబ్దం పుట్టించే డ్రైవర్ పెద్దదైనంత మాత్రాన సౌండ్ బాగుంటుందనీ లేదు.

ముందు చెవిలోకి వెళ్లే మెత్తని టిప్స్ చూడండి. సిలికాన్ టిప్ చెవికి సరిగ్గా పట్టకపోతే బేస్ పోతుంది, పాట పీలగా వినిపిస్తుంది. జనం తిట్టే చాలా బడ్స్‌కి అసలు రోగం ఇదే. డబ్బాలో ఉన్న సైజులన్నీ పెట్టి చూడండి. నాకు కుడి చెవికి మీడియం, ఎడమకి చిన్నది పడుతుంది.

రెండు జతల్ని పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా ఉండాలి. లేకపోతే కాస్త గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుంది. బాగా అలవాటైన పాటే పెట్టండి. నేను మొదట గొంతు వింటాను: ‘స’, ‘ష’ పలికినప్పుడు చెవిలో గుచ్చుకుంటే ఆ జత పక్కన పెట్టేస్తాను. తర్వాత మృదంగం. దాని ఎడమ వైపు దెబ్బ గుమ్మని మోగి ఆగాలి. తర్వాతి దెబ్బ మీదికి పాకితే బేస్ మోతాదు మించినట్టే. కొత్తలో ఈ మోతే గొప్పగా అనిపిస్తుంది, గంటకి తలనొప్పి.

ఎల్‌డాక్ (బ్లూటూత్‌లో పాటని మెరుగైన నాణ్యతతో పంపే సోనీ పద్ధతి) ఉందని ఎక్కువ డబ్బు పెట్టేముందు మీ ఫోన్‌లో అది ఉందో లేదో చూసుకోండి. ఐఫోన్‌లో లేదు.

ఇక విలువ సంగతి. వైర్‌లెస్ బడ్స్‌లో బ్యాటరీ ఏళ్లు గడిచేకొద్దీ నీరసిస్తుంది, చాలావాటిలో మార్చడం కుదరదు. హెడ్‌ఫోన్స్ అయితే కుషన్లు విడిగా దొరుకుతాయా అని అడగండి. ఇంట్లో కూర్చుని వినడానికే అయితే నా ఓటు వైరుకే.