వెండి రూపాయి చదువు – 4వ పాఠం: కరిగిస్తే ఎంత, దాచుకుంటే ఎంత

పోయిన పాఠంలో బ్రిటిష్ వాళ్ళ కాలం వెండి రూపాయి మీది బొమ్మ ఎవరిదో, సంవత్సరం ఎక్కడుంటుందో చూశాం. ఈసారి తూకం. ఇంట్లో చిన్న తక్కెడ లేకపోతే నెల్లూరు చిన్నబజారులో ఏ వెండి కొట్టుకెళ్ళినా తూచి పెడతారు. అమ్మడానికి రాలేదని మాత్రం ముందే చెప్పండి, లేకపోతే మాటల్లో పెట్టి అక్కడే బేరం తెగ్గొట్టేస్తారు.

1835 నుంచి 1939 దాకా వచ్చిన రూపాయి సరిగ్గా పాత తులం, 11.66 గ్రాములు. పన్నెండు పాళ్ళలో పదకొండు వెండి, అంటే 10.69 గ్రాములు. 1940లో యుద్ధం పుణ్యమా అని వెండి సగానికి దిగింది. బరువు అదే, లోపల వెండి 5.83 గ్రాములే. 1947 రూపాయి అయితే ఒట్టి నికెల్. అయస్కాంతానికి అతుక్కుంటుంది, దాన్ని పక్కన పెట్టేయండి.

లెక్క సులువు కోసం గ్రాము వెండి 100 రూపాయలు అనుకుందాం. పాత రూపాయిలో 1,069 రూపాయల వెండి ఉంది, యుద్ధకాలం దాంట్లో 583. మీరు ఆ రోజు రేటు వేసుకోండి. కొట్టులో తరుగు పేరుతో కొంత కోస్తారు. బాగా అరిగిన నాణెం తూకంలోనే తగ్గుతుంది. ఆ అరుగుదలకి తరుగు పేరుతో మళ్ళీ కోయనివ్వకండి.

ఇక సేకరించేవాడి ధర. ఇక్కడ వయసుకి పెద్ద విలువ లేదు. 1862 అని ఉన్న రూపాయి చూసి మురిసిపోతారు గానీ, ఆ సంవత్సరాన్నే మార్చకుండా 1874 దాకా ముద్రించారు, కాబట్టి బోలెడు దొరుకుతాయి. 1918 రూపాయీ అంతే. ఆ ఏడు ఇక్కడ వెండికి కటకట వస్తే అమెరికా పిట్‌మన్ చట్టం కింద తన వెండి డాలర్లు 27 కోట్లు కరిగించింది, అందులో ఎక్కువ వెండి ఇండియాకే చేరింది. అలాంటివాటికి, బాగా అరిగి ఉంటే, వెండి ధర మీద పెద్దగా ఏమీ రాదు.

1939ది వేరే కథ. చాలా అరుదు. అందుకే 1938 రూపాయిలో చివరి 8ని చెక్కి 9 చేసేవాళ్ళున్నారు. భూతద్దం పెట్టి ఆ అంకె చుట్టూ గీరిన జాడ ఉందేమో వెతకండి. 1911ది కూడా పట్టి చూడండి. రాజు అంగీ మీది ఏనుగు పందిలా ఉందని జనం గొడవ చేస్తే చాలావరకు వెనక్కి తీసుకుని కరిగించేశారు. మరుసటి ఏడు తొండం సరిచేశారు.

అరుగుదల చూడాలంటే విక్టోరియా రాణి బొమ్మలో చెవి పైన జుట్టు చూడండి. పాయలు విడివిడిగా కనబడితే మంచి సరుకు, నున్నగా ఒకే ముద్దలా ఉంటే కరిగించేదే. కొక్కెం అతికించి కాసులపేరులో వేసుకున్నదైతే ఆ మచ్చ ఎప్పటికీ పోదు.

కడగొద్దు. ఇది రాసి గోడకి అంటించుకోండి. కావలిలో మా పిన్ని, నేను వస్తున్నానని, డబ్బాలో నల్లగా నిగారించిన పదకొండు రూపాయలూ చింతపండుతో తోమి తళతళా మెరిపించి పెట్టింది. నోరెత్తి ఏమనగలను? ఆ నలుపుకే సేకరించేవాడు డబ్బిచ్చేది.

పాత నాణెం విలువ తెలీక పోగొట్టుకోవడం మన జిల్లాకి కొత్త కాదు లెండి. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుకలు తగిలాయి. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద కుండలో రోమను బంగారు నాణేలు, ట్రాజన్, హేడ్రియన్ కాలంవి. పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు మూసలోకి పోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు ముప్పై పైచిలుకు మాత్రం సంపాదించుకోగలిగాడు.

వచ్చే పాఠానికి: మీ దగ్గరున్నవాటిని అంచులు పట్టుకుని తీసి, సంవత్సరం, తూకం, చెవి పైన జుట్టు, మూడూ ఒక కాగితం మీద రాసి ఉంచండి. బొంబాయి టంకశాల గుర్తుగా వేసిన చుక్క సంగతి అప్పుడు చూద్దాం.